అత్యుష్ణ ప్లాస్మాయందు విద్యున్నిరోధము: మేఘనాథ సాహా స్మారకోపన్యాసము



ఎవరి సంస్మరణార్థము మనమీ సాయంకాలము ఇచట సమావేశమైతిమో ఆ మేఘనాథ సాహా మహాశయుడు, ముప్పదియేండ్లయినను నిండని వయస్సున, కలకత్తాలో అధ్యాపకుడుగా నుండి, 1920లో సూర్యుని వర్ణావరణమందలి అయనీకరణమును గూర్చి ప్రకటించిన వ్యాసము నక్షత్రభౌతికశాస్త్రమునకు మూలస్తంభములలో ఒకటి. సూర్యబింబమునకు మిగుల ఎత్తున, వాయువు పలుచనై పీడనము నామమాత్రమైన చోట, ఎలక్ట్రానును కోల్పోయిన కాల్షియముయొక్క వర్ణపటరేఖలు అంత ప్రబలముగా కానవచ్చుటకు కారణమేమియని నాటి ఖగోళజ్ఞులు తికమకపడుచుండగా, అచట విడివడిన ఎలక్ట్రానునకు మరల ఒక అయాను తారసిల్లు అవకాశము తక్కువ యగుటయే దానికి హేతువని ఆయన లెక్కగట్టి చూపెను. ఉష్ణోగ్రత ఇంత, పీడనము ఇంత యని చెప్పినచో పరమాణువులలో ఎన్నవ భాగము విచ్ఛిన్నమై యుండునో చెప్పగల సమీకరణమొకటి ఆనాటినుండి శాస్త్రజ్ఞుల చేతికి వచ్చెను.

ఆ సమీకరణము మనలను ఒక గడపవరకు కొనిపోవును. పరమాణువులన్నియు విచ్ఛిన్నములై, వాయువంతయు స్వేచ్ఛగా సంచరించు ఎలక్ట్రానులును అయానులును మాత్రమే యైన పిమ్మట, అనగా సంపూర్ణముగా అయనీకృతమైన ప్లాస్మా సిద్ధించిన పిమ్మట, దానిగుండ విద్యుత్తును పంపినచో అది ఎంతమాత్రము నిరోధించును? ఈ ప్రశ్ననే నేటి ఉపన్యాసమునకు విషయముగా కైకొంటిని. చూచుటకు ఇది చిన్న ప్రశ్న; దీని సమాధానము ఒక్క పంక్తిలో ఇముడును. కాని ఆ పంక్తి పుట్టుటకు ముందు నక్షత్రగుచ్ఛముల గణితము కావలసివచ్చెను, ఉప్పునీటి రసాయనశాస్త్రము కావలసివచ్చెను, అనంతమునకు పోవుచున్న ఒక మొత్తమును ఎచట ఆపవలెనో నిర్ణయించు సాహసమును కావలసివచ్చెను. నా దృష్టిలో ఆ నిర్ణయమే ఈ గణనకంతకును ప్రాణము; దానివద్ద కొంత తడవు నిలిచి పోవుదము.

లోహములయందు మనకు పరిచితమైన నియమమును ముందుగా స్మరింతము. రాగితీగను వేడిచేసినకొలది దాని నిరోధము పెరుగును; స్ఫటికజాలమందలి పరమాణువుల కంపనము హెచ్చి ఎలక్ట్రానుల ప్రవాహమునకు అడ్డు హెచ్చుటయే దానికి కారణము. ప్లాస్మాయందు ఇందుకు విపర్యయము. వేడిచేసినకొలది నిరోధకత తగ్గును; ఉష్ణోగ్రత నాలుగు రెట్లైనచో నిరోధకత ఇంచుమించు ఎనిమిదవవంతునకు దిగును. ఇంతకంటె విస్మయకరమైన సంగతి మరియొకటి కలదు. ప్లాస్మా సాంద్రతను పదిరెట్లు పెంచినను, నూరురెట్లు పెంచినను, నిరోధకత దాదాపుగా మారదు. విద్యుత్తును మోయు ఎలక్ట్రానులు నూరురెట్లు హెచ్చినపుడు ప్రవాహము సుగమము కావలదా యని ఎవరికైనను తోచును. కాని ఆ ఎలక్ట్రానులతో పాటు వానిని అడ్డగించు అయానులును నూరురెట్లు హెచ్చినవని మనము మరువరాదు. లాభమును నష్టమును సరిగా తుల్యములై రెండును లెక్కలోనుండి తొలగిపోవును.

1900లో పాల్ డ్రూడే లోహములకై కల్పించిన చిత్రమునే ఇచట గ్రహింతము. విద్యుత్‌క్షేత్రము ఎలక్ట్రానును ఒక దిక్కునకు త్వరితము చేయుచుండును. అభిఘాతములు అది ఆ దిక్కున సంపాదించిన ద్రవ్యవేగమును హరించుచుండును. ఎలక్ట్రాను ద్రవ్యరాశిని సెకనునకు జరుగు అభిఘాతముల సంఖ్యచే గుణించి, ఆ లబ్ధమును ఘనమీటరులోని ఎలక్ట్రానుల సంఖ్యచేతను ఎలక్ట్రాను ఆవేశముయొక్క వర్గముచేతను భాగించినచో వచ్చునదే నిరోధకత. కనుక ప్రశ్నయంతయు సెకనునకు ఎన్ని అభిఘాతములు అను ఒక్కచోట కేంద్రీకృతమగుచున్నది. అయితే ఎలక్ట్రానునకును అయానునకును నడుమ జరుగునది గోళములు రెండు ఒరసికొనుట వంటిది కాదు. దూరమునుండియే ఒకదానినొకటి ఆకర్షించు రెండు ఆవేశముల సమాగమము. ఎలక్ట్రాను తన దారిన పోవుచు అయాను ప్రక్కగా కొంత యెడముతో సాగిపోవును. ఆ కొద్దికాలము ఆకర్షణచే ప్రక్కకు లాగబడి, కొంచెము దిశ మారి, మరల తన దారి పట్టును. గోదావరిని అడ్డముగా దాటు పడవలలో చురుకుగా సాగునది ప్రవాహముచే దిగువకు కొట్టుకొనిపోవుట ఎట్లు తక్కువో, వేగముగల ఎలక్ట్రాను దిశ మారుట అట్లే తక్కువ. లెక్క ప్రకారము విచలనకోణము యెడమునకు విలోమముగాను, వేగవర్గమునకు విలోమముగాను ఉండును. ఎలక్ట్రానును గట్టిగా మరలింపగల యెడము వేగవర్గమునకు విలోమమైనచో, ఆ యెడము వ్యాసార్ధముగా గల వృత్తముయొక్క వైశాల్యము వేగముయొక్క నాలుగవ ఘాతమునకు విలోమమగును. సెకనునకు ఎదురగు అయానుల సంఖ్యకై దానిని మరల వేగముచే గుణించినచో అభిఘాతముల తరచుదనము వేగఘనమునకు విలోమమై నిలుచును. ఉష్ణోగ్రత వేగవర్గముతో పెరుగును గనుక, నిరోధకత ఉష్ణోగ్రతయొక్క ఒకటిన్నర ఘాతమునకు విలోమమగును. నాలుగు రెట్లకు ఎనిమిదవవంతు అని నేనింతకుముందు చెప్పినది ఇదియే.

ఇంతవరకు చెప్పినది డిగ్రీ విద్యార్థి ఒక పుటలో చేయదగిన లెక్క. అసలు చిక్కు ఇచటినుండి ప్రారంభమగును. అయానునకు అతిసమీపముగా పోయి ఒక్కసారిగా లంబముగా మరలిపోవు ఎలక్ట్రానులు అరుదు. దూరదూరముగా పోవుచు, డిగ్రీలో ఏ వెయ్యవవంతో మాత్రము ప్రక్కకు ఒరుగు సందర్భములు అసంఖ్యాకములు. ఒక్కొక్క ఒరుగుదల కుడికో యెడమకో, పైకో క్రిందికో, ఏ నియమమును లేక జరుగును గనుక వానిని ఊరక కూడినచో సున్నయే వచ్చును. వాని వర్గములను కూడినచో మాత్రము సున్న రాదు, ప్రయాణము సాగినకొలది అవి పేరుకొనుచుండును. అట్లు పేరుకొన్న అల్పవిచలనముల సమష్టిఫలము అరుదైన మహావిచలనముల ఫలముకంటె ఎన్నో పదులరెట్లు బలవత్తరమని లెక్కలో తేలినది. ప్లాస్మా నిరోధమునకు మూలము ఢీకొనుటలు కావు, ఈ సూక్ష్మమైన ఒరుగుదలల రాశియే.

అయినచో ఆ రాశిని ఎంతదూరమువరకు కూడవలెను? ఎలక్ట్రాను మార్గము చుట్టును వలయములుగా గీచినచో, ఒక వలయములోని అయానుల సంఖ్య యెడముతో పాటు పెరుగును. ఒక్కొక్క అయాను కలిగించు విచలనవర్గము యెడముయొక్క వర్గముతో తగ్గును. రెంటిని గుణించినచో ఫలము యెడమునకు విలోమము. ఇట్టి రాశికి విచిత్రమైన లక్షణమొకటి కలదు. మిల్లీమీటరులో వెయ్యవవంతునుండి దానికి రెట్టింపువరకు గల వలయము ఎంత ఫలమిచ్చునో, ఒక మీటరునుండి రెండు మీటర్లవరకు గల వలయమును అంతయే ఫలమిచ్చును, ఒక యోజనమునుండి రెండు యోజనములవరకు గల వలయమును అంతయే. ఎంత కూడినను తరగదు; మొత్తము అనంతము. యెడము సున్నకు సమీపించు దిక్కునను ఇదియే స్థితి. అనగా మన సూత్రము ప్రకారము ప్లాస్మా విద్యుత్తును ఏ మాత్రమును పోనీయరాదు. ప్రకృతి ఇందుకు ఒప్పుకొనదు. ప్లాస్మాలో విద్యుత్తు నిరాటంకముగా ప్రవహించుచునేయున్నది. కనుక ఎచటనో ఆ మొత్తమునకు అవధి ఉండవలెను.

ఇచట మనము ప్రయోగశాలను వదలి ఆకాశమునకు పోవలసియున్నది. విద్యుదాకర్షణవలెనే గురుత్వాకర్షణయు దూరవర్గమునకు విలోమము. నక్షత్రగుచ్ఛమున ఒక నక్షత్రము తక్కినవాని నడుమ సంచరించునపుడు దాని దారియు ఇట్లే కోటానుకోట్ల సూక్ష్మమైన లాగుడులచే క్రమక్రమముగా మారుచుండును. అచటను ఇదే రాశి, ఇదే అనంతము. లాహోరులో జన్మించి, మదరాసులో చదివి, అమెరికాలో స్థిరపడిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1942లో నక్షత్రగతిశాస్త్రమును గూర్చి ప్రకటించిన గ్రంథమునను, మరుసటి సంవత్సరము గతిజఘర్షణమును గూర్చి వ్రాసిన వ్యాసములయందును ఈ సమస్యను సమగ్రముగా విచారించెను. సంచరించు నక్షత్రమును తక్కినవి రెండు విధముల బాధించునని ఆయన చూపెను: ఒకటి దాని వేగమును అన్ని దిక్కులకును చెదరగొట్టు విసరణము, రెండవది దాని వేగమును మెల్లమెల్లగా హరించు ఘర్షణము. ఈ రెంటికిని ఆయన కట్టిన గుణకములు ఆకర్షణస్థానమున విద్యుద్బలమును ఉంచినంతనే ప్లాస్మాకు చెల్లును. అనంతమునకు అవధిగా ఆయన పొరుగు నక్షత్రముల సగటు దూరమును గ్రహించెను.

ఆ గణితమును భూమికి దింపినవాడు లైమన్ స్పిట్జర్. ఆయన 1914లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున టొలీడో నగరమందు జన్మించి, ప్రిన్స్‌టన్‌లో హెన్రీ నోరిస్ రస్సెల్ వద్ద శిష్యరికము చేసి 1938లో డాక్టరేటు పొందెను. సాహా సమీకరణమును అందిపుచ్చుకొని సూర్యకళంకముల వర్ణపటమునకు అన్వయించిన రస్సెల్ ఈయనయే. ఈ గురుపరంపరను తలచుకొనునపుడు మనకు కలుగు సంతోషము సామాన్యము కాదు. స్పిట్జర్ స్వతహాగా ఖగోళజ్ఞుడు, నక్షత్రముల నడిమి వాయువును శోధించినవాడు. 1946లోనే వాయుమండలమునకు ఆవల పెద్ద దూరదర్శినిని నిలుపవలెనని వ్రాసినవాడు. 1950లో రాబర్ట్ కోహెన్, పాల్ రౌట్లీ అను సహచరులతో కలసి ఆయన ప్రకటించిన వ్యాసమున ప్లాస్మా వాహకత్వము ఈ క్రొత్తరీతిని గణింపబడెను. అందులోని ముఖ్యమైన తీర్పు ఇది: ప్లాస్మాయందు అవధి పొరుగు అయానుల సగటు దూరము కాదు, డెబై దూరము.

డెబై దూరమనగానేమో వివరింతును. 1923లో పీటర్ డెబై, ఎరిక్ హుకెల్ అను నిరువురు ఉప్పుద్రావణములను పరిశీలించుచు, ధనావేశము గల ప్రతి అయాను చుట్టును ఋణావేశములు ఒకింత గుమికూడుననియు, ధనావేశములు ఒకింత తొలగుననియు, ఆ మేఘము అయాను ప్రభావమును కొంతదూరమునకు పిమ్మట పూర్తిగా కప్పివేయుననియు స్థాపించిరి. ప్లాస్మాలోను అంతియే. ఉష్ణోగ్రత కోటి డిగ్రీలకు కొంచెము పైగా ఉండి, ఘనమీటరులో ఒకటి ప్రక్కన ఇరువది సున్నలన్ని ఎలక్ట్రానులున్నచో, డెబై దూరము మిల్లీమీటరులో సుమారు నలుబదవవంతు. పొరుగు అయానుల నడిమి దూరముకంటె అది నూరురెట్లు పెద్దది. అంత గోళములో సుమారు యాభై లక్షల ఎలక్ట్రానులు ఇముడును. ఈ తీర్పునకు మూలమైన భేదము గంభీరమైనది. గురుత్వమునకు ఆకర్షణ తప్ప వికర్షణ లేదు. నక్షత్రమును ఏదియు కప్పజాలదు. విద్యుత్తునకు రెండు చిహ్నములున్నవి. అందుచే ప్లాస్మా తన అనంతమునకు తానే అవధిని కట్టుకొనుచున్నది. నక్షత్రములనుండి పద్ధతిని గ్రహించి, నక్షత్రములకు లేని గుణమును గుర్తించి అవధిని మార్చుట: అరువు తెచ్చుకొన్న గణితమును ఇంత వివేకముతో వాడుకొన్న సందర్భములు శాస్త్రచరిత్రలో ఎన్నియో లేవు.

యెడము తక్కువయగు వైపున అవధి సులభముగా దొరకును. ఎలక్ట్రాను లంబముగా మరలు యెడముకంటె దిగువను అల్పవిచలనమను మాటయే చెల్లదు. అత్యుష్ణస్థితిలో అంతకుముందే క్వాంటము సిద్ధాంతము అడ్డుపడి, ఎలక్ట్రాను తరంగస్వభావము అంతకంటె సూక్ష్మమైన యెడమును అర్థరహితము చేయును. ఈ రెండు అవధుల నిష్పత్తికి సహజసంవర్గమానమును గట్టినచో వచ్చు సంఖ్యను కూలాం సంవర్గమానమందురు. నేను పైన చెప్పిన ప్లాస్మాకు నిష్పత్తి కొన్ని పదులలక్షలు. సంవర్గమానము మాత్రము 15. ఈ సంవర్గమానపు చలువను చూడుడు. అవధిని నిర్ణయించుటలో మనము రెండురెట్లు పొరపడినను, పదునైదులో ఏడు పదవవంతులు మాత్రమే తేడా, అనగా నూటికి ఐదైనను కాదు. కాని డెబై దూరమునకు మారుగా పొరుగు అయానుల దూరమునే గ్రహించి యుండినచో దాదాపు నూటికి ముప్పది లోటు వచ్చి యుండెడిది. కనుక ఆ వివేకము వ్యర్థము కాలేదు. 1936లోనే సోవియట్ దేశమున లెవ్ లండౌ ఇట్టి అల్పవిచలనములకు తగిన గతిజసమీకరణమును నిర్మించి యుండెను. 1960లో లెనార్డ్, బలెస్కు అనువారు వేరువేరుగా సాధించిన సమీకరణమున ఆచ్ఛాదనము తనంతట తానే వచ్చి, వెలుపలి అవధిని చేతితో పెట్టవలసిన యవసరమును తొలగించినది.

ఇంకొక చిక్కు మిగిలియున్నది. ఎలక్ట్రానులు తమలో తాము అభిఘాతము పొందవా? పొందును. కాని అట్టి అభిఘాతములో ఒకటి కోల్పోయిన ద్రవ్యవేగము రెండవదానికి చేరును; మొత్తము మారదు; విద్యుత్ప్రవాహము తగ్గదు. కనుక వానిని లెక్కింపనక్కరలేదని తోచును. ఈ తర్కము సుందరమే కాని సత్యము కాదు. వేగము గల ఎలక్ట్రానులు అయానులచే తక్కువగా బాధింపబడును గనుక, విద్యుత్‌క్షేత్రమునకు లోబడి ముందుకు సాగునవి ముఖ్యముగా అవియే; ప్రవాహములో పెద్దభాగమును అవియే మోయును. ఎలక్ట్రానుల వేగవితరణము చెక్కుచెదరక ఒక్కుమ్మడిగా జరుగునని భావించి చేసిన సరళగణనకంటె, ఈ వేగవంతములకు స్వేచ్ఛనిచ్చి చేసిన గణనలో వాహకత్వము 3.4 రెట్లు హెచ్చగును. స్థిరములైన అయానులు మాత్రమే అడ్డముగా గల ఈ ఆదర్శవాయువు హెండ్రిక్ లోరెంట్జ్ పేరిట ప్రసిద్ధము. ఇపుడు ఎలక్ట్రానుల పరస్పరాభిఘాతములు ప్రవేశించి, ముందునకు పోయిన వేగవంతములను వెనుకకు లాగి, వాని ఆధిక్యమును మందికి పంచిపెట్టును. మొత్తము ద్రవ్యవేగము మారకున్నను, దానిని మోయువారు మారుటచే అయానులకు చిక్కునది హెచ్చగును. హైడ్రోజను ప్లాస్మాలో దీని ఫలము ఏమనగా, లోరెంట్జ్ వాయువు వాహకత్వములో 0.58 వంతు మాత్రమే మిగులును. సరళగణనకంటె సుమారు రెండు రెట్లు. అయాను ఆవేశము హెచ్చినకొలది ఎలక్ట్రానులపై అయానుల పట్టు హెచ్చి ఈ సవరణ క్షీణించును: హీలియమునకు 0.68, ఆవేశము పదునారైనచో 0.92.

ఈ సంఖ్యలను సాధించుటకు అవకలనమును సమాకలనమును కలగలసిన సమీకరణమొకటి పరిష్కరింపవలసివచ్చెను. దాని సాధనలు సున్నవేగమునుండి పైకి గణించుకొనిపోయినను, అధికవేగమునుండి క్రిందికి వచ్చినను, రెండు దిక్కులను అస్థిరములై గణకునకు లొంగక పోయెడివి; అందులకై ప్రత్యేకోపాయములను కల్పింపవలసివచ్చెను. 1953లో స్పిట్జర్, ఎస్టోనియా దేశీయుడైన రిచర్డ్ హార్మ్ సహాయముతో, మునుపు విడిచిన పదములను కూడ చేర్చి, విద్యుద్వాహకత్వముతో పాటు ఉష్ణవాహకత్వమునకును పట్టికలను ప్రకటించెను. నేటికిని ప్లాస్మాశాస్త్రజ్ఞులు తమ జేబుపుస్తకములలో చూచుకొను సంఖ్యలు అవియే. పేరు ప్రసిద్ధి స్పిట్జర్‌కు దక్కినను, ఆ పట్టికలలోని ప్రతి అంకె వెనుకను గణకుని ఓర్పు నిలిచియున్నదని ఈ సభలో చెప్పుట నా విధిగా భావించుచున్నాను.

సూత్రము ప్రకారము విలువలెట్లున్నవో చూతము. సుమారు 11 లక్షల 60 వేల డిగ్రీల వద్ద హైడ్రోజను ప్లాస్మా నిరోధకత తుప్పుపట్టని ఉక్కుతో సరిపోలును. దానికి పదిరెట్ల ఉష్ణోగ్రతలో అది ఓమ్-మీటరులో నలుబది మిలియన్లవ వంతు, అనగా మన యిండ్లలోని రాగితీగకు ఒకటిన్నర రెట్లు. ఇంకను పదిరెట్లు వేడిచేసినచో, పదునొకండున్నర కోట్ల డిగ్రీల వద్ద, రాగిలో సుమారు ఇరువదవవంతు. గాలికంటె లక్షలరెట్లు పలుచనైన వాయువు రాగికంటె సుగమమైన వాహకమగుట! కేంద్రకసంలీనమును సాధింపగోరువారికి ఈ విశేషము వరమును శాపమును కూడ. 1951లో స్పిట్జర్ ప్రిన్స్‌టన్‌లో మాటర్‌హార్న్ అను పేరిట, ప్లాస్మాను అయస్కాంతక్షేత్రముచే బంధించు స్టెలరేటరు యంత్రముల నిర్మాణమునకు పూనుకొన్నపుడు ప్లాస్మాను వేడిచేయుటకు తొలి సాధనము దానిగుండ విద్యుత్తును పంపుటయే. కాని వేడియైనకొలది నిరోధము తగ్గుటచే, అదే విద్యుత్తు కలిగించు ఉష్ణము సన్నగిల్లిపోవును. ఫ్రాన్సులో మన దేశము కూడ భాగస్వామిగా నిర్మాణములోనున్న ఈటర్ యంత్రమునకు కావలసినది 15 కోట్ల డిగ్రీలు. విద్యుత్ప్రవాహమొక్కటియే రెండుమూడు కోట్లవరకు మాత్రమే ఈడ్చుకొనిపోగలదు. ప్లాస్మాను ఇంకను వేడిచేయుటకు తటస్థపరమాణుపుంజములును రేడియోతరంగములును ప్రవేశించిన కారణమిదియే.

సూత్రమును తలక్రిందులుగా వాడుటయు కలదు. ప్లాస్మాలోని విద్యుత్తును దానిచుట్టు నున్న వోల్టేజిని కొలిచినచో నిరోధకత తెలియును. నిరోధకతనుండి ఉష్ణోగ్రతను ఊహింపవచ్చును. అయితే గోడలనుండి ఊడివచ్చిన కార్బను, ఇనుము వంటి మాలిన్యములు అయానుల సగటు ఆవేశమును పెంచి నిరోధమును పెంచును; కనుక ఈ ఊహ తరచు ఉష్ణోగ్రతను తక్కువగా చూపును. 1968లో నోవొసిబిర్స్క్ సమ్మేళనమున సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ అర్ట్సిమోవిచ్ తమ టి-3 టోకమాకు అను వలయాకార సంలీనయంత్రముయొక్క ఫలితములను ప్రకటించినపుడు, పరోక్షపద్ధతులతో కనుగొన్న ఉష్ణోగ్రతలను పశ్చిమదేశీయులు నమ్మజాలకపోయిరి. మరుసటి సంవత్సరము ఇంగ్లండులోని కల్హామ్ ప్రయోగశాల బృందము మాస్కోకు పోయి లేసరు కాంతిని ప్లాస్మాలో ప్రసరింపజేసి, కోటి డిగ్రీల స్థాయి నిజమేయని ధ్రువీకరించెను. వలయాకారయంత్రములలో కొన్ని ఎలక్ట్రానులు అయస్కాంతక్షేత్రమునకు చిక్కి ముందువెనుకల ఊగిసలాడుచు ప్రవాహమున పాల్గొనజాలవనియు, అందుచే నిరోధకత స్పిట్జర్ విలువకు రెండుమూడు రెట్లు కూడ కావచ్చుననియు పిమ్మట తేలినది. ఆ సవరణ విస్తారమైనది. దానిని ఇచట ప్రస్తావించి విడిచెదను.

సూత్రము ఎచట చెల్లదో తెలిసికొనుట అది ఎచట చెల్లునో తెలిసికొనుటకంటె విలువైనది. అయానుల ఘర్షణ వేగము హెచ్చినకొలది తగ్గునని చెప్పితిని గదా. ఒకానొక వేగమును దాటిన ఎలక్ట్రానుపై విద్యుత్‌క్షేత్రపు తోపు ఘర్షణను మించును. మించినంతనే వేగము హెచ్చును, హెచ్చినంతనే ఘర్షణ ఇంకను తగ్గును. అట్టి ఎలక్ట్రాను ఇక ఆగదు, కాంతివేగమునకు సమీపించును. వితరణమున అట్టివి ఎప్పుడును కొన్ని ఉండనే యుండును. 1959లో హారీ డ్రైసర్ దీనిని విశదముగా గణించెను. టోకమాకులో ప్లాస్మా హఠాత్తుగా కుప్పకూలినపుడు ఉష్ణోగ్రత పడిపోయి, నిరోధకత విజృంభించి, తత్ఫలితముగా ప్రబలమైన విద్యుత్‌క్షేత్రము జనించి, ఇట్టి ఎలక్ట్రానులను పుంజములుగా గోడలపైకి ఉసికొల్పును. ఈటర్ నిర్మాతలను నేటికిని కలవరపెట్టుచున్న ప్రమాదములలో ఇదియొకటి. ఘనీభవించిన వాయుగుళికలను పగులగొట్టి ప్లాస్మాలోనికి చిమ్ము ఏర్పాటు దీని నివారణకే.

సాహా మహాశయుని కర్మభూమియైన సూర్యుని వద్దకు మరల పోదము. నిరోధము తక్కువయైనచో అయస్కాంతక్షేత్రము ప్లాస్మాను విడిచి పోజాలదు. సూర్యుని మొత్తమునకు సూత్రమును అన్వయించినచో దానిలోని క్షేత్రము నిరోధమువలన నశించుటకు వెయ్యికోట్ల సంవత్సరములు పట్టునని థామస్ కౌలింగ్ 1945లో గణించెను. సూర్యకిరీటమున, పది లక్షల డిగ్రీలకు పైబడిన ప్లాస్మాలో, పదివేల కిలోమీటర్ల విస్తృతిగల క్షేత్రము ఇట్లే నశించుటకు ముప్పది లక్షల సంవత్సరముల స్థాయి కాలము కావలెను. కాని సౌరజ్వాల రేగినపుడు అట్టి క్షేత్రములోని శక్తి కొన్ని నిమిషములలో వెలువడుచున్నది! 1950ల ఉత్తరార్ధమున పీటర్ స్వీట్, యూజీన్ పార్కర్ అనువారు, ఎదురెదురు క్షేత్రములు అతిసన్నని పొరలో కలిసికొనునని ఊహించి ఆ కాలమును నెలలకు, సంవత్సరమునకు దింపిరి, నిమిషములకు దింపజాలరైరి. అట్టి పొర తానే అస్థిరమై ముక్కలగుననియు, ఎలక్ట్రానుల అయానుల గతులు అచట వేరుపడుననియు, అభిఘాతములకు తోడు ప్లాస్మా తరంగములును ఎలక్ట్రానులను చెదరగొట్టుననియు పెక్కుమార్గముల విచారణ నేటికిని సాగుచున్నది. స్పిట్జర్ సూత్రము ఇచట తప్పని నేననను. ఎలక్ట్రానులు ఒకదానితో ఒకటియు, అయానులతోను చేయు అభిఘాతములు మాత్రమే నిరోధమునకు కారణమైనచోట అది నిక్కముగా సత్యము. అది ఇంత నిక్కము గనుకనే, సూర్యునివద్ద వేరొక కారణము పనిచేయుచున్నదని మనము ధైర్యముగా చెప్పగలుగుచున్నాము.

ఈ సభలో కళాశాలవిద్యార్థులు పలువురున్నారు. వారికి నా విన్నపము. సాంద్రత లెక్కనుండి తొలగిపోవు ఘట్టమువరకును, అనంతరాశి ఎదురగు ఘట్టమువరకును ఈ గణనకు కావలసినది న్యూటను సూత్రములు, కూలాం నియమము, కొంచెము సమాకలనము మాత్రమే. ఇంటికి పోయి ఒక తెల్లకాగితముపై మీరే చేసి చూడుడు. అవధిని ఎచట పెట్టవలెనో మీకై మీరు నిర్ణయించి, పిమ్మట 1950 నాటి వ్యాసమును తెరచి పోల్చుకొనుడు. అధ్యాపకమిత్రులకు కూడ ఒక ప్రార్థన: అయనీకరణమును గూర్చి సాహా సమీకరణమును బోధించి అచటనే ఆపివేయక, ఆ మరునాటి పాఠముగా దీనిని చెప్పుడు. మన భాషలో డిగ్రీవిద్యార్థి చదువదగిన ప్లాస్మాశాస్త్రగ్రంథమును వ్రాయుటకు మీలో ఎవరైనను పూనుకొన్నచో, ఈ ఉపన్యాసముయొక్క వ్రాతప్రతిని సంతోషముతో వారి చేతిలో పెట్టెదను.